వాషింగ్ మెషీన్‌లో మళ్లీ మళ్లీ ‘ఓఈ’: బెంగళూరు తెలుగిళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం పాతిక ఇళ్ల దాకా ఉంటాం. మా ఫ్రంట్ లోడ్ (తలుపు ముందుండే) మెషీన్ ఒకసారి డిస్‌ప్లేలో ‘ఓఈ’ (OE) అనే ఎర్రర్ కోడ్ చూపిస్తూ మూడు నెలలు ఏడిపించింది. అది బాగుపడ్డ రోజు నుంచి ఎవరి మెషీన్ ఆగినా ముందు నాకే ఫోన్ వస్తోంది. నేను మెకానిక్‌ని కాదు, బ్యాంకులో పని చేస్తాను. చెప్పిందే చెప్పలేక, అడిగినవాళ్లకి పంపడానికి ఇవన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఓఈ అంటే పంపు పోయినట్టేనా?

కాదు. నీళ్లు అనుకున్న టైముకి బయటికి పోలేదని మాత్రమే దానర్థం. మెషీన్ నీళ్లు బయటికి తోసే పంపు ఆన్ చేసి కొన్ని నిమిషాలు చూస్తుంది. లోపల నీటి మట్టం తగ్గకపోతే చేతులెత్తేసి ఓఈ చూపిస్తుంది. నీళ్లు ఎందుకు పోలేదో దానికి తెలియదు. పంపు పాడైనా, ఫిల్టర్‌లో మీ అబ్బాయి రూపాయి బిళ్ల ఇరుక్కున్నా, పైపు మడతపడినా, బిల్డింగ్ డ్రైన్ మూసుకుపోయినా చూపించేది ఆ రెండక్షరాలే. జ్వరం వచ్చిందని థర్మామీటర్ చెబుతుంది, టైఫాయిడా మలేరియానా అని చెప్పదు కదా.

మా మెషీన్‌లో ఓఈ కాదు, 5ఈ వస్తోంది. వేరే సమస్యా?

అదే సమస్య. ఎల్‌జీలో ఓఈ, శాంసంగ్‌లో 5ఈ లేదా 5సీ, బాష్‌లో మోడల్‌ని బట్టి ఈ18 లేదా ఎఫ్18. శాంసంగ్ డిస్‌ప్లేలో 5 అంకె, ఎస్ అక్షరం ఒకేలా కనిపిస్తాయి, అందుకే కొందరు ఎస్ఈ అని చెబుతారు. కంగారుపడక్కర్లేదు. మిగతా కంపెనీల కోడ్‌లు మాన్యువల్ చివరి పేజీల్లో ఉంటాయి. మాన్యువల్ పారేసి ఉంటే మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్లో దొరుకుతుంది. ఆ నంబర్ తలుపు తీస్తే అంచు మీదో, మెషీన్ వెనకో స్టిక్కర్ మీద ఉంటుంది.

ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోతోంది. వారం తిరక్కుండా మళ్లీ వస్తోంది. ఎందుకు?

నన్ను అందరూ అడిగేది ఇదే. ఆఫ్ చేస్తే మెషీన్ మర్చిపోతుంది, అంతే. కోడ్ చెరిగింది, కారణం అక్కడే ఉంది. పంపు రెండోసారి గట్టిగా నెట్టినప్పుడు అడ్డు కాస్త జరిగి నీళ్లు పోతాయి. బాగైపోయిందని మనం సంతోషిస్తాం.

ఒక్కసారి వచ్చి పోయిన కోడ్‌ని వదిలేయవచ్చు. కరెంటు అటూ ఇటూ అయినా, జనరేటర్‌కి మారినప్పుడు తుళ్లిపడ్డా అలా వస్తుంది. నెలలో రెండుసార్లు వచ్చిందంటే మాత్రం కారణం ఉన్నట్టే. అప్పుడు చేయాల్సిన మొదటి పని మెకానిక్‌ని పిలవడం కాదు, గమనించడం. కోడ్ వచ్చినప్పుడు ఫోటో తీసి మూడు సంగతులు రాసుకోండి: ఉతుకుతుండగా ఆగిందా, జాడించాకా, పిండే ముందా? లోపల నీళ్లున్నాయా, ఖాళీయా? ఆ సమయానికి ఇంట్లో ఇంకెక్కడ నీళ్లు వాడుతున్నారు? మూడోది ఎందుకో కింద మా ఇంటి కథలో తెలుస్తుంది.

తప్పు మెషీన్‌దా, ఇంటి పైపుదా? తేల్చుకునేదెలా?

బకెట్‌తో. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

మెషీన్ వెనక నుంచి వచ్చే బూడిదరంగు డ్రైన్ పైపు చివరని గోడ పైపులోంచో నేల జాలీలోంచో బయటికి తీయండి. ఇరవై లీటర్ల బకెట్‌లో పెట్టి, ఎగిరి పడకుండా ఒక చేత్తో పట్టుకోండి. ఖాళీ డ్రమ్‌తో ‘రిన్స్ ప్లస్ స్పిన్’ పెట్టి, నీళ్లు ఎక్కనిచ్చి చూడండి. పంపు మొదలవగానే నీళ్లు దబదబా వచ్చి పడితే మెషీన్ బాగున్నట్టే, దోషి మీ గోడలో ఉన్నాడు. సన్నగా, ఆగి ఆగి వస్తే అడ్డు పంపులోనో, ఫిల్టర్‌లోనో, ఆ పైపులోనో ఉంది. అసలు రాకపోతే చెవి పెట్టి వినండి. గుర్రుమని మూలుగుతూ నీళ్లు రాకపోతే పంపుకి కరెంటు అందుతోంది కానీ ఏదో పట్టేసింది. ఏ చప్పుడూ లేకపోతే పంపు కాలిపోయిందో, వైరు ఊడిందో, ఎలుక కొరికిందో అయ్యుంటుంది.

ఎలుక అంటే నవ్వకండి. మెషీన్ అడుగు భాగం తెరిచి ఉన్న మోడళ్లలో యుటిలిటీ బాల్కనీ ఎలుకలకి అది అద్దె లేని ఇల్లు. మా కింది ఫ్లోర్‌లో వైర్లు కొరికేస్తే, వారంటీలో ఉన్నా డబ్బులు కట్టాల్సి వచ్చింది. ఎలుక చేసిన నష్టం సాధారణంగా వారంటీలోకి రాదు. అడుగున బిగించే జాలీ విడిగా అమ్ముతారు, కొనుక్కోండి.

డ్రమ్ నిండా నీళ్లు, తలుపు తెరుచుకోవట్లేదు. ఇప్పుడేం చేయాలి?

తలుపుతో కుస్తీ పట్టకండి. లోపల నీళ్లుంటే అది తెరుచుకోకపోవడమే మంచిది. స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి. వేడినీళ్ల ప్రోగ్రామ్ అయితే చల్లారేదాకా, కనీసం ఓ గంట ఆగండి. పసిపిల్లల బట్టలని 60 డిగ్రీల మీద పెట్టి ఉంటే ఆ నీళ్లు చేతిని బొబ్బలెక్కిస్తాయి.

మెషీన్ ముందు, కింద మూలన చిన్న మూత ఉంటుంది. నాణెం అంచుతోనో గోరుతోనో తెరవండి. లోపల రెండుంటాయి: బిరడా ఉన్న సన్నటి రబ్బరు గొట్టం, గుండ్రటి పెద్ద ఫిల్టర్. తొందరపడి ఫిల్టర్ తిప్పారంటే వంటింటి దాకా వరద. ముందు గొట్టాన్ని బయటికి లాగి, అంచు తక్కువున్న పళ్లెం కింద పెట్టి బిరడా తీయండి. పళ్లెం నిండగానే బిరడా పెట్టి, పారబోసి, మళ్లీ తీయండి. పదిసార్లయినా తిరగాలి, ఓపిక పట్టండి. కొన్ని మోడళ్లలో ఈ గొట్టం ఉండదు. వాటిలో ఫిల్టర్‌నే కొంచెం కొంచెం వదులు చేస్తూ నీళ్లు పట్టుకోవాలి.

నీళ్లు ఆగాక పాత తువ్వాలు పరిచి ఫిల్టర్‌ని ఎడమవైపుకి తిప్పి లాగండి. బయటికి వచ్చేది చూసి ముక్కు మూసుకుంటారు. మాకు మొదటిసారి వచ్చిన సంపద: నల్లగా జారే పీచు ముద్ద, రెండు హెయిర్‌పిన్నులు, ఒక పిన్నీసు, అరిగిపోయిన రెండు రూపాయల బిళ్ల, మా పాప స్కూలు బ్యాడ్జి మీది ప్లాస్టిక్ ముక్క.

ఫిల్టర్‌ని బ్రష్‌తో కడిగి అక్కడితో ఆపకండి. ఫిల్టర్ తీసిన కన్నంలోకి టార్చ్ వేసి చూడండి. లోపల చిన్న ఫ్యాన్ లాంటి రెక్క కనిపిస్తుంది. అదే పంపు రెక్క. దాని ఇరుసుకి తలవెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుని ఉంటాయి. వేలితో తిప్పి చూడండి. అది ఫ్యాన్‌లా సాఫీగా తిరగదు, ఆగి ఆగి టక్ టక్‌మంటూ తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలా ఉండడమే సరైనది. అస్సలు కదలకపోయినా, ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగినా పంపు సంగతి చూడాల్సిందే.

తిరిగి బిగించేటప్పుడు ఫిల్టర్ మెడకున్న రబ్బరు రింగు మీద పీచు లేకుండా తుడవండి. వంకరగా ఎక్కితే చుక్క చుక్కగా కారుతుంది. బిగించాక ఒక మగ్గు నీళ్లు డ్రమ్‌లో పోసి స్పిన్ పెట్టి, కింద తడి వస్తోందేమో చూశాకే మూత వేయండి.

ఫిల్టర్ అద్దంలా ఉంది. అయినా ఓఈ!

ఇక్కడే చాలామంది కొత్త పంపు వేయిస్తారు. అంతకుముందు చూడాల్సినవి మూడున్నాయి.

మెషీన్‌ని గోడకి నెట్టినప్పుడు వెనక పైపు నలిగిందేమో చూడండి. బెంగళూరు యుటిలిటీలు అగ్గిపెట్టెలంత ఉంటాయి, మెషీన్ గోడకి ఆనితే తప్ప బాల్కనీ తలుపు పడదు. ఓ అరచేయి మందం ఖాళీ లేకపోతే పైపు మడతపడుతుంది.

రెండోది పైపు ఎత్తు. చివర నేల నుంచి మీటరు దాటకూడదని చాలా మాన్యువళ్లు చెబుతాయి. కిటికీలోంచి బయటికి వేసినవాళ్ల ఇంట్లో పంపు అంత ఎత్తుకి తోయలేక చస్తుంది.

మూడోది కంటికి కనిపించదు. డ్రమ్ ఖాళీగా ఉంది, పంపు ఆగకుండా తిరుగుతోంది, అయినా కోడ్ వచ్చిందంటే నీళ్లు పోయాయి కానీ పోయినట్టు మెషీన్‌కి తెలియలేదు. డ్రమ్ అడుగు నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం పైనున్న ప్రెషర్ సెన్సర్‌కి వెళుతుంది. నీళ్లు ఎక్కితే అందులోని గాలి నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడిని బట్టి మెషీన్ మట్టం లెక్క కడుతుంది. ఆ గొట్టం మొదట్లో సబ్బు జిడ్డు, సున్నం పేరుకుంటే గాలి అక్కడే ఇరుక్కుపోతుంది. దీనికి పై కవర్ విప్పాలి, మెకానిక్ పని. కానీ ‘డ్రమ్ ఖాళీగా ఉన్నా ఓఈ వస్తోంది’ అని మీరు ముందే చెబితే అతను పంపు జోలికి పోకుండా నేరుగా అక్కడికి వెళతాడు.

మీ ఇంట్లో ఏమైంది?

మాకు ప్రతి ఆదివారం వచ్చేది. సోమవారం నుంచి శనివారం దాకా బుద్ధిగా ఉతికే మెషీన్, ఆదివారం పదకొండు గంటలకి పిండే ముందు ఆగిపోయేది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు, “దీనికెవరిదో దిష్టి తగిలిందమ్మా, నిమ్మకాయ కట్టు” అన్నారు. మొదట వచ్చిన అబ్బాయి ఫిల్టర్ కడిగి వెళ్లాడు. రెండో అతను, “పంపు వీక్ అయింది మేడమ్, మార్చేద్దాం” అన్నాడు. మార్చాం. రెండు ఆదివారాలు బాగుంది. మూడో ఆదివారం మళ్లీ ఓఈ.

హిందూపురం నుంచి మా మరిది వచ్చాడు. వాడు చేసిందల్లా ఒకటే. “వదినా, ఒక బకెట్ ఇవ్వు” అని పైపు పీకి అందులో పెట్టాడు. నిమిషం తిరక్కుండా బకెట్ నిండింది. మెషీన్‌కి ఏ రోగమూ లేదు. పాత పంపుకీ ఉండి ఉండదు.

మా యుటిలిటీలో గిన్నెలు తోమే సింకు నీళ్లూ, మెషీన్ నీళ్లూ ఒకే నహానీ ట్రాప్‌లోకి (నేల జాలీ కింద నీళ్లు నిలిచే గుంటలోకి) పోతాయి. మామూలు రోజుల్లో నేను రాత్రి పది తర్వాత మెషీన్ వేస్తాను, అప్పటికి సింకు ఖాళీ. ఆదివారం ఒక్కరోజే ఇడ్లీ గిన్నెలూ, నూనె మూకుళ్లూ తోముతుండగా మెషీన్ కూడా నడుస్తుంది. ట్రాప్ సగం మూసుకుపోయి ఒకదాని నీళ్లకే దారి ఇస్తోంది, రెండూ కలిస్తే తట్టుకోలేకపోతోంది.

మరి నీళ్లు పొంగి నేల మీదికి ఎందుకు రాలేదు? ఆ ఘనత నాదే. బొద్దింకలు వస్తున్నాయని పైపు చుట్టూ గుడ్డ కుక్కి టేపు చుట్టాను. అది లేకపోతే మొదటి ఆదివారమే నేల తడిసి అసలు సంగతి బయటపడేది. దారి లేక నీళ్లు పంపు మీదికే ఎదురు తన్నాయి. ప్లంబర్ ట్రాప్‌లోంచి తీసిన ముద్ద ఇప్పటికీ కళ్లముందే ఉంది. నానబెట్టిన పిండిలా తెల్లగా, గట్టిగా గడ్డకట్టిన నూనె మడ్డి, దానికి అంటుకున్న స్టీల్ పీచు తునకలు, మా దుప్పట్ల నీలం నూగు. కొత్త పంపు ఖరీదులో నాలుగో వంతు కూడా అతను తీసుకోలేదు.

ఇప్పుడు టేపు లేదు. బొద్దింకలకి పైపు చుట్టూ వేసే రబ్బరు మూత దొరికింది, గాలి ఆడే సందు ఉంటుంది.

పైపుని ట్రాప్‌లో ఎంత లోపలికి పెట్టాలి?

పైపు నోరు లోపలి నీళ్లకి తగలనంత వరకే చాలు. అడుగు దాకా దింపితే పైపు నోరు మురికి నీళ్లలో మునిగిపోతుంది. అప్పుడు పోయిన నీళ్లే వెనక్కి లాగబడే ప్రమాదం కూడా ఉంది.

పైపు మొత్తం నేల మీద పడుకోబెట్టినా తంటానే. మెషీన్ వెనక పైభాగంలో పైపుని ఎత్తుగా పట్టే క్లిప్ ఉంటుంది. ఆ వంపు తీసేస్తే మెషీన్ నింపుకుంటున్న నీళ్లు ఎప్పటికప్పుడే డ్రైన్‌లోకి జారిపోతుంటాయి. ఎంతసేపటికీ నిండక ‘నీళ్లు రావట్లేదు’ అనే ఐఈ కోడ్ చూపిస్తుంది. కుళాయి ధారగా వస్తుంటే ఇదేంటని మనం తల పట్టుకుంటాం. ఒకాయన దీనికి ఇన్‌లెట్ వాల్వ్ కూడా మార్పించారు.

నురగకీ ఓఈకీ సంబంధం ఉందా?

ఉంది. పంపు నీళ్లని తోయగలదు, నురగని తోయలేదు. టాప్ లోడ్ పౌడరో చేత్తో ఉతికే పౌడరో ఫ్రంట్ లోడ్‌లో వేస్తే డ్రమ్ నిండా నురగే. కొన్ని మోడళ్లు దానికి విడిగా కోడ్ చూపిస్తాయి, శాంసంగ్‌లో ‘ఎస్‌యూడీ’ లాంటిది. మిగతావి ఓఈతోనే సరిపెడతాయి. ప్యాకెట్ మీద ఫ్రంట్ లోడ్ అని రాసినదే కొనండి, కొలత కప్పుకి కట్టుబడండి. నురగ ఎక్కువైతే ఆపి, అరగంట ఆగి, పౌడర్ వేయకుండా రిన్స్ పెట్టండి.

ఐఈ కోడ్ వస్తోంది. కుళాయిలో నీళ్లున్నాయి కదా?

ఉండడం వేరు, ఒత్తిడితో రావడం వేరు. శాంసంగ్‌లో దీన్నే 4ఈ, 4సీ అంటారు. ట్యాంక్ నుంచి నీళ్లు కిందికి దిగే ఎత్తు పది మీటర్లుంటే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తు వాళ్లకి ట్యాంక్ నెత్తిమీదే మూడు మీటర్లలో ఉంటుంది, అంటే 0.3 బార్. మోడల్‌ని బట్టి కనీసం 0.3, 0.5, ఒక్కోదానికి 1 బార్ కూడా అడుగుతారు. అందుకే మా బిల్డింగ్‌లో ఐఈ ఫిర్యాదులన్నీ పై రెండు ఫ్లోర్ల నుంచే. వాళ్లకి చిన్న ప్రెషర్ బూస్టర్ పంపే గతి.

కింది ఫ్లోర్ల వాళ్లు చూడాల్సింది జాలీ. కుళాయి మూసి, మెషీన్ వెనక ఇన్‌లెట్ పైపు విప్పితే వాల్వ్ మొదట్లో బొటనవేలి గోరంత ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. ముక్కుపట్టుకారుతో మెల్లగా లాగండి. ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో అందులో ఎర్ర ఇసుక, బోరు నీళ్ల ఇళ్లలో తెల్లటి సున్నం. పాత టూత్‌బ్రష్‌తో తోమి పెట్టేయండి. సంపు, పై ట్యాంక్ కడిగించిన మర్నాడు ఇది తప్పకుండా చూడాలి. అడుగున కదిలిన మడ్డంతా నేరుగా అక్కడికే వస్తుంది.

ఉప్పునీళ్లు మెషీన్‌ని పాడుచేస్తాయా?

మెల్లగా చేస్తాయి. తాగునీటిలో కాఠిన్యం (కరిగి ఉన్న సున్నం లాంటి లవణాలు) లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకపోతే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. బోరు నీళ్లని కొలిపించి చూసుకోండి, ఆ గీత దాటాయో లేదో మీకే తెలుస్తుంది. ఈ నీళ్లలో సబ్బు సరిగా పనిచేయక జిడ్డు తెట్టెలా కడుతుంది, మనం ఇంకో చెంచా పౌడర్ వేస్తాం. ఆ జిడ్డే ఫిల్టర్‌లో, సెన్సర్ గొట్టంలో, డ్రైన్‌లో చేరేది. హీటర్ మీద సున్నం పొరలు కడుతుంది.

2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం అయిదో దశ మొదలైంది. నగరంలో తర్వాత కలిసిన 110 గ్రామాలకి రోజుకి 775 మిలియన్ లీటర్లు అందించేలా దాన్ని కట్టారు. మహదేవపుర వైపు చాలామందికి అది ఊరట. అయినా కావేరి నీళ్లనీ బోరు నీళ్లనీ ఒకే సంపులో కలిపే అపార్ట్‌మెంట్లు ఎన్నో. మీ సంపులోకి ఏమొస్తోందో సెక్రటరీని అడగండి.

రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్‌లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి వేడినీళ్ల ప్రోగ్రామ్ పెడితే సున్నం కరుగుతుంది. నేను వంద గ్రాములు వేస్తాను. మెషీన్‌కని అమ్మే డీస్కేలింగ్ పౌడర్ అయినా సరే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: నిమ్మ ఉప్పునీ, వెనిగర్‌నీ బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది. నాలుగడుగుల యుటిలిటీలో అది ఆటలు కాదు.

యూఈ వచ్చి మెషీన్ నడిచొస్తోంది!

బరువు ఒక పక్కకి చేరింది. ఒక్క దుప్పటో, ఒక్క బాత్ మ్యాటో, రెండు జీన్సులో మాత్రమే వేస్తే ముద్దగా చుట్టుకుని ఇలాగే ఎగురుతుంది. ఇంకో నాలుగు బట్టలు కలపండి. దిండు గలీబు జిప్పు తెరుచుకుని మిగతావన్నీ దాని కడుపులోకి దూరాయేమో చూడండి.

బట్టలు సరిగా వేసినా వస్తుంటే కాళ్లు చూడండి. మూలమూలా నొక్కితే మెషీన్ ఊగకూడదు. ఊగితే ఆ కాలు మర తిప్పి, పైన నట్ బిగించాలి. చక్రాల ప్లాస్టిక్ స్టాండ్ మీద పెట్టారా? నా మాట విని తీసేయండి. నిమిషానికి 1200 చుట్లు తిరిగేదాన్ని చక్రాల మీద పెట్టడం నాకైతే ఎప్పటికీ అర్థం కాదు.

ఇల్లు మారాక మొదలైంది. ప్యాకర్స్ వాళ్లు పాడుచేశారా?

కావచ్చు. కొత్త మెషీన్ వెనక డ్రమ్‌ని కదలకుండా పట్టే ట్రాన్సిట్ బోల్టులు ఉంటాయి. బిగించేవాళ్లు తీసి చేతిలో పెడతారు, మనం పాత ఇనప సామాన్ల వాడికి వేస్తాం. అవి లేకుండా లారీ ఎక్కిస్తే డ్రమ్ ఊగి ఊగి షాక్ అబ్జార్బర్లు దెబ్బతింటాయి. పదకొండు నెలలకోసారి ఇల్లు మారే ఊళ్లో ఆ నాలుగు బోల్టుల్ని మాన్యువల్‌తో కలిపి కవర్లో కట్టి దాచుకోండి. పోగొట్టుకుంటే మోడల్ నంబర్ పట్టుకుని విడిభాగాల దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డు వైపు వెతకండి. కొత్తింట్లో దించాక తీయడం మర్చిపోకండి, మర్చిపోతే మొదటి స్పిన్‌కే ఇల్లదిరిపోతుంది.

డీఈ?

తలుపు సరిగా పడలేదు. రబ్బరు అంచులో సాక్సు ఇరుక్కుందేమో చూసి, తోసి టక్‌మనిపించండి. అయినా వస్తే లాక్ మార్చాలి.

మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. వాడొచ్చా?

వద్దు. కోడ్‌ల సంగతి తర్వాత. ప్లగ్ కూడా తడి చేత్తో పీకకండి, ముందు మెయిన్ ఆపండి. ఎర్త్ సరిగా లేదు, లేదా హీటర్ నుంచి కరెంటు లీక్ అవుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ ఎర్తింగ్ చూసేదాకా ఇంట్లో అందరికీ చెప్పి పక్కన పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపేవాళ్లు ఈరోజే మానుకోండి, దానికి విడిగా 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.

మెకానిక్ చూడగానే ‘బోర్డు పోయింది’ అంటున్నాడు. నమ్మొచ్చా?

డిస్‌ప్లే వెలుగుతూ, నీళ్లు ఎక్కించుకుని, డ్రమ్ తిప్పి, ఒక్క డ్రైన్ దగ్గరే ఆగితే నేనైతే వెంటనే నమ్మను. మెషీన్‌ని నడిపే ఆ సర్క్యూట్ బోర్డు కూడా పోతుంది, కాదనను. కానీ అది అన్నీ చూశాక చెప్పాల్సిన మాట. “అన్నా, మీటర్ పెట్టి పంపు దాకా కరెంటు వస్తోందా లేదా చూపించు” అని నెమ్మదిగా అడగండి. వస్తుంటే బోర్డుది తప్పు కాదు, పంపుని చూడాలి. రాకపోతే వైరు, కనెక్టర్ చూసి ఆ తర్వాత బోర్డు. పని తెలిసిన అబ్బాయి ఈ మాటకి కోపం తెచ్చుకోడు.

ఏ భాగం మార్చినా పాతది తీసుకోండి, బిల్లు మీద భాగం పేరు రాయించుకోండి. ‘పదేళ్ల వారంటీ’ అని డబ్బా మీద ఉన్నది చాలా వాటిలో డ్రమ్ తిప్పే మోటారుకే, డ్రైన్ పంపుకి కాదు. సర్వీస్ నంబర్‌ని గూగుల్‌లో పైన కనిపించినదాన్ని నొక్కకుండా వారంటీ కార్డు మీదనో కంపెనీ సైట్‌లోనో చూసి చేయండి. కంపెనీ పేరు పెట్టుకున్న నకిలీలు చాలా ఉన్నాయి. వారంటీలో ఉండి కూడా తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

అద్దె ఇల్లు. డ్రైన్ బాగు చేయించే ఖర్చు ఎవరిది?

గోడలో పైపు ఓనర్‌ది అని నా వాదన. మీరు వేసిన పీచు కదా అని ఓనర్ వాదన. బకెట్ పరీక్ష వీడియో తీసి పంపండి, ఫోన్‌లో గంటసేపు వాదించే పని తప్పుతుంది. మా ఓనర్ వీడియో చూసి మారుమాట్లాడకుండా ప్లంబర్‌ని పంపారు, డబ్బులు మాత్రం సగం సగం.

ఫిల్టర్ ఎన్నాళ్లకోసారి తీయాలి?

మాది నెలకోసారి, మొదటి శనివారం. ఇంట్లో పొడవు జుట్టు వాళ్లో కుక్కపిల్లో ఉంటే పదిహేను రోజులకి. కొత్త తువ్వాళ్లు మొదటిసారి ఉతికిన మర్నాడు తప్పకుండా తీయండి, అవి రాల్చే నూగుకి అంతుండదు. జేబులు చూసే పని పిల్లలకి అప్పజెప్పండి. దొరికిన చిల్లర వాళ్లదే అన్నాక మా ఇంట్లో ఫిల్టర్‌లో నాణెం కనబడలేదు.

సీఎల్ అని వచ్చి ఏ బటనూ పనిచేయట్లేదు. ఇదేం ఎర్రర్?

ఎర్రర్ కాదు, చైల్డ్ లాక్. ప్యానెల్ మీద పిల్లాడి బొమ్మో తాళం బొమ్మో ఉన్న బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. రెండు బటన్లు కలిపి నొక్కాల్సినవీ ఉన్నాయి. ‘టీసీఎల్’ అని వస్తే అదీ ఎర్రర్ కాదు, టబ్ శుభ్రం చేయమని గుర్తు చేస్తోంది. పై ఫ్లోర్ రాజమండ్రి ఆంటీ దానికోసం రాత్రి పదకొండింటికి నన్ను నిద్రలేపారు.